మూతి ఎటువైపు

ఆళ్లగడ్డలో మా బడి ఆ ఏడు పోగొట్టుకున్నవి మూడు గాజుగొట్టాలు, ఒక స్పిరిట్ దీపం, సైన్సు అయ్యవారి ఎడమకంటి చూపు.

ప్రయోగాలకు ఉన్నది ఒకటే బల్ల. తరగతిలో నలభై ఒక్కమందిమీ దాని చుట్టూ మూగేవాళ్లం. వేడిచేసేటప్పుడు గొట్టం మూతి మనుషుల వైపు ఉండగూడదని అయ్యవారు చెప్పేవారు. తీరా ఎటు తిప్పినా ఎవరో ఒకరి ముఖం అడ్డొచ్చేది. చివరికి తనవైపే తిప్పుకొని, మెడ పక్కకు వంచి కాచేవారు. ఆ వంచిన మెడ నాకు బాగా గుర్తు.

సబ్బు పాఠం రోజు కాస్టిక్ సోడా నీళ్లు కాచే పని మాలో నెమ్మదస్తుడికి ఇచ్చారు.

"ఏందిరా, గంజి కాస్తాండావా?" అని పక్కవాడు ఎగతాళి చేశాడు.

"ఏమప్పా, మసులుతాందా?" అని అయ్యవారు వెనకనుంచి అడిగారు.

పెద్దలు అడిగితే వాళ్ల వైపు తిరిగి జవాబు చెప్పడం మా ఇళ్లలో నేర్పిన మర్యాద. వాడు గొట్టంతో సహా తిరిగి, "మసులుతాంది సార్" అన్నాడు. నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మి ఆయన కంట్లో పడ్డాయి.

కడవెడు నీళ్లతో కడిగాం. నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు, ఇక చూపు రాదన్నాడు.

నెల తర్వాత ఆయన తిరిగొచ్చారు. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. "నీ తప్పేం లేదప్పా. ఇంకో బల్ల అడిగితి, ఇయ్యలే" అన్నారు. కొత్త దీపం వెలిగించి, గొట్టం పట్టుకొని, మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా చూశారు.

"ఇప్పుడు మీరే చెప్పండప్పా, దీన్ని ఎవరి దిక్కు తిప్పల్ల?"

ఆయనకు మేము ఇప్పటికీ నలభై ఒక్క జవాబులు బాకీ.