ఎవరూ నొక్కని బటన్

2022 జూన్. వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ నీళ్ళలోకి దిగిన రోజులు. నెల్లూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను బిజినెస్ అనలిస్టుని. అదేం ఉద్యోగమని మా చర్చిలో పెద్దవాళ్ళు అడిగితే ఒకప్పుడు చాలాసేపు చెప్పేదాన్ని. ఇప్పుడు ‘ప్రశ్నలు అడిగే ఉద్యోగం’ అని ఊరుకుంటున్నాను. నిజానికి అంతే. సాఫ్ట్‌వేర్ కావలసినవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ పని ఎలా నడుస్తుందో అడిగి, ప్రోగ్రాం రాసేవాళ్ళకు అర్థమయ్యేటట్టు రాసిపెడతాను. చిన్నప్పుడు ప్రశ్నలతో ప్రాణం తీస్తున్నానని అమ్మ చేత తిట్లు తిన్నాను. అదే పనికి ఇప్పుడు జీతమిస్తున్నారు.

మేము రాసేదాన్ని యూజ్ కేస్ అంటారు. ఒక మనిషి ఒక పని పెట్టుకుని సాఫ్ట్‌వేర్ దగ్గరకు వస్తే ఇద్దరి మధ్య ఏం జరగాలో వరుసగా చెప్పే కథ అది. ఆ మనిషికి మా భాషలో యాక్టర్ అని పేరు. సినిమాలతో సంబంధం లేదు. అంతా సవ్యంగా జరిగే కథ మెయిన్ ఫ్లో. ఎక్కడో తేడా కొడితే నడిచే కథ ఎక్సెప్షన్ ఫ్లో. మెయిన్ ఫ్లో ఎవరైనా హుషారుగా చెప్తారు. రెండోది రాబట్టడానికే తల ప్రాణం తోకకొస్తుంది.

ఆ జూన్‌లో మాకు పని అప్పగించింది ముత్తుకూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాలెంలోని మత్స్యకారుల సొసైటీ. అంతకు ముందటేడు పక్క పాలెం బోటు ఒకటి ఇంజను ఆగిపోయి సముద్రంలో కొట్టుకుపోయింది. ఇంటివాళ్ళు ఇప్పుడొస్తారు, అప్పుడొస్తారు అనుకుంటూ ఉండగానే రాత్రి గడిచింది. వెతకడం ఆలస్యమైంది. ఇద్దరిని బతికించి తెచ్చారు, మూడో మనిషిని తేలేకపోయారు. అందుకే సొసైటీ వాళ్ళు ఒక యాప్ అడిగారు. బోటు బయలుదేరేటప్పుడు ఎప్పటికి వస్తారో పెట్టి ఒక బటన్ నొక్కాలి, తిరిగొచ్చాక ఇంకోటి నొక్కాలి. చెప్పిన వేళకు రెండోది పడకపోతే సిస్టం అందరినీ హెచ్చరించాలి.

సొసైటీ సెక్రటరీ మస్తానయ్యగారు షెడ్డులో కుర్చీలు వేయించి, టీ తెప్పించి, నలుగురైదుగురు బోటు యజమానులను కూర్చోబెట్టారు. నేను నా ప్రశ్నలు మొదలుపెట్టాను.

“ఆయిలు, ఐసు, వలలు, సద్ది ఎత్తుకుంటాం. బోటు తోస్తాం. చేపలు పడితే పెందలాడే వొస్తాం, పడకపోతే ఆలిస్యంగా వొస్తాం. అంతే గదా మేడం,” అన్నాడు శీనయ్య అనే ఆయన. నలభై దాటిన మనిషి, ప్రతి మాటకూ నవ్వుతాడు.

“సాయంత్రానికి రాకపోతే?” అన్నాను.

ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. “పొద్దున్నే ఏం మాటలు మేడం అయ్యి?” అని బయటికి నడిచాడు. శీనయ్య నవ్వు కూడా ఎటో పోయింది.

మస్తానయ్యగారు నా గ్లాసు నా వైపు జరిపారు. “ఆ ముక్క మీరే రాసుకోండమ్మా. మీకు తెలీందేముండాది.”

చేసేదేముంది, ఆఫీసుకొచ్చి నేనే రాశాను. వేళ దాటితే ‘ఫలానా వారి బోటు రాలేదు’ అని అన్ని ఫోన్లకూ మెసేజి వెళ్తుంది. చక్కగా, పొట్టిగా ఉంది. చూసినవాళ్ళంతా బాగుందన్నారు.

జులైలో కొన్ని బోట్లతో ట్రయల్ మొదలైంది. వారం తిరక్కుండానే మా డెవలపర్ ఇర్ఫాన్ నా టేబుల్ దగ్గరకొచ్చాడు.

“మేడం, ఆ పాలెంలో బోట్లు సముద్రంలోనే పుడతాయా?”

“ఏమైంది?”

“వచ్చేవే గానీ బయలుదేరేవి ఒక్కటీ లేవు. తిరిగొచ్చామని అందరూ నొక్కుతున్నారు. వెళ్ళేటప్పుడు ఎవరూ నొక్కట్లేదు.”

ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. మొదటి బటన్ నొక్కితేనే లోపల గడియారం మొదలవుతుంది. నొక్కకపోతే సిస్టం లెక్కలో బోటు ఒడ్డునే ఉంది. అది సముద్రంలో చిక్కుకున్నా వెతకమని ఎవరికీ కబురు వెళ్ళదు. మేం ఏ పని కోసం ఈ యాప్ కట్టామో సరిగ్గా ఆ పనే జరగదన్నమాట.

నాకు మాత్రం మహా కుతూహలం పుట్టింది. ఒక బటన్ నొక్కి, పక్క బటన్ నొక్కకపోవడానికి కారణం ఏమై ఉంటుంది? తెల్లవారుజాము కదా, తెర కనిపించదేమో అనుకున్నాను. తడి చేతులేమో, సిగ్నల్ లేదేమో అనుకున్నాను. ఇర్ఫాన్ బటన్‌ని రెట్టింపు చేసి, అక్షరాలు లావు చేసి, పచ్చ రంగు పులిమాడు. అప్పటిదాకా రోజూ వచ్చే ‘తిరిగొచ్చాం’ నొక్కులు కూడా కొందరి ఫోన్ల నుంచి ఆగిపోయాయి. అంటే వాళ్ళు యాప్ తెరవడమే మానేశారు.

ఇక లాభం లేదని మధ్యాహ్నం బస్సెక్కాను. శీనయ్య భార్య రమణమ్మ ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. వెళ్ళాక తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, మా యాక్టరే తప్పు. బోటు యజమాని అని రాసుకున్నాం. కానీ మంచి ఫోను తడుస్తుందని మగవాళ్ళు ఇంట్లోనే పెట్టేసి, చిన్న బటన్ ఫోను కవర్లో చుట్టి పట్టుకెళ్తారు. మా యాప్ ఉన్న ఫోను ఉండేది ఆడవాళ్ళ చేతుల్లో.

“అక్కా, నాకు వివరం చెప్పొద్దు, చేసి చూపించు,” అన్నాను. మా పనిలో దీన్ని వాక్‌త్రూ అంటారు. జరగబోయే సినేరియోని మనిషి చేత అడుగడుగూ నడిపించి చూడటం. “ఇప్పుడు తెల్లవారుజాము అనుకో. ఏం చేస్తావు?”

రమణమ్మకు సరదా వేసింది. చేతులు కడుక్కుని వచ్చింది. “ఇదిగో, సద్ది కట్టి ఇచ్చినా. టీ తాగినాడు. ‘పొయ్యొస్తా’ అన్నాడు. నేను వాకిట్లోకి పొయ్యి ఎదురుగా నిలబడినా, ఇంకెవురూ ఎదురు రాకుండా.”

“మంచిది. ఇప్పుడు ఫోను తీసి నొక్కు.”

ఆమె ఫోను తీసింది. తెర వెలిగింది. మరుక్షణం దాన్ని చాప మీద బోర్లా పెట్టేసింది.

“నొక్కక్కా, ఉత్తుత్తికే.”

“ఉత్తుత్తికి కూడా నొక్కను.”

“ఎందుకు?”

“సదువుకున్నదానివి గదమ్మే. నువ్వే సదువు.”

ఫోను తిప్పి చూశాను. పైన గుండ్రంగా శీనయ్య ఫొటో. దాని కింద ‘శీనయ్య గారు’. దాని కింద వెడల్పాటి పచ్చ బటన్ మీద లావు అక్షరాలతో ‘పోయారు’.

నా కాగితంలో ‘వేటకు పోయారు’ అని ఉంది. బటన్‌లో పట్టలేదని ఇర్ఫాన్ ‘వేటకు’ తీసేశాడు. మర్యాదగా ఉంటుందని ‘గారు’ చేర్చాడు. ఆఫీసులో మేమంతా ఆ తెర రోజూ చూశాం. ఎవరికీ ఏమీ తోచలేదు. ఆ పాలెంలో, ఆ వాకిట్లో చూస్తే అది అచ్చం సెంటర్లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లాగా ఉంది. పైగా నొక్కితే ‘శీనయ్య గారు పోయారు. ధన్యవాదాలు’ అని వస్తుంది.

నాకు నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను.

“నవ్వు, నవ్వు,” అంది రమణమ్మ. “నీ మొగుడి బొమ్మ పెట్టి నొక్కు. అప్పుడు నేనూ నవ్వతా.”

నా ఫోనులో పరీక్షల కోసం పెట్టుకున్న ఖాతా ఉంది. పందెం కాసినట్టు అందులో మా ఆయన ఫొటో పెట్టి, ‘ప్రభుదాసు గారు’ అని రాశాను. బటన్ మీదకు బొటనవేలు తెచ్చాను. నేను ప్రార్థన చేసుకునే మనిషిని. శకునాలంటే ఎగతాళి చేసేదాన్ని. ఆ వేలు కిందకు దిగలేదు. ఆ గంటలో ఆయన నెల్లూరులో బడిలో లెక్కలు చెప్తూ ఉంటాడని నాకు తెలుసు. అయినా భయం వేసింది. ఫోను సంచిలో వేసుకున్నాను.

రమణమ్మ నవ్వలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

“మరి ఏం రాయమంటావక్కా?”

“వాకిట్లో ఆయనేమంటాడో అదే రాయి.”

‘పోయొస్తారు’ అని రాసుకున్నాను. ఒక్క మాటతో సగం పని అయిపోయింది. మిగిలిన సగం అసలైనది. మొదటి బటన్ పేరే ఇంత బరువైతే, ‘బోటు రాలేదు’ అనే నా చక్కని మెసేజి సంగతేమిటి? షెడ్డులో లాగా ‘రాకపోతే’ అని అడిగితే ఈమె కూడా లేచి వెళ్ళిపోతుంది. కాసేపు ఎండు చేపలు తిరగేయడంలో సాయం చేస్తూ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

“ఆలస్యమైన రోజు మొదట ఎవరితో మాట్లాడతావక్కా? ఏమంటావు?”

దీనికి ఆమె తడుముకోలేదు. “పక్కింటికి పోతా. ‘మా వోళ్ళు కనబడినారా’ అంటా. ఆ యమ్మి వాళ్ళాయనకి ఫోను కొడతాది. ఆయన ఇంకొకళ్ళకి కొడతాడు.”

“ఎవరైనా లేదంటే?”

“లేదని ఎవురంటారమ్మే? ‘చూస్తా ఉండాం’ అంటారు.”

“ఎంత ఆలస్యమైతే అడుగుతావు?”

“ఆలిస్యం కావాల్నా? గాలి మారితే అడుగుతా. మనసు బాగలేకపోతే అడుగుతా. అడగటానికి ఏముండాది?”

నేను చేపలు వదిలేసి పుస్తకం తీశాను. నా మెసేజి ఒక తీర్పు. దాన్ని ముందుగా పలికే ధైర్యం ఎవరికీ ఉండదు, అందుకే వేళ బాగా దాటిందాకా నోళ్ళు మూసుకుని కూర్చుంటారు. పక్క పాలెంలో ఒక రాత్రి అలాగే గడిచిపోయి ఉంటుంది. ప్రశ్న అయితే ఎంత ముందైనా అడగొచ్చు. ఎవరికీ దోషం అంటదు. అవతలివాళ్ళు వెతకడం మాత్రం అప్పుడే మొదలవుతుంది.

యూజ్ కేస్ మొత్తం తిరగరాశాను. ‘కనబడ్డారా?’ అనే బటన్ ఎప్పుడైనా నొక్కొచ్చు. ప్రశ్న పాలెంలోని ఇళ్ళకూ, సిగ్నల్ అందే దూరంలో ఉన్న బోట్లలోని చిన్న ఫోన్లకూ మెసేజిగా వెళ్తుంది. బోటు వాళ్ళు ఇంటికి ఫోన్ చేసి చెప్తే ఇంటివాళ్ళు బదులు నొక్కుతారు. బదులు రెండు రకాలే: ‘కనబడ్డారు’, ‘చూస్తున్నాం’. చెప్పిన వేళ దాటితే ఎవరూ నొక్కకపోయినా అదే ప్రశ్న దానంతటదే బయలుదేరి మస్తానయ్యగారికీ చేరుతుంది, ఆయన తీర పోలీసులకు చెప్తారు.

ఇర్ఫాన్ ఒప్పుకోలేదు. “ప్రశ్నకు అవును, కాదు అని రెండుంటాయి మేడం. ‘లేదు’ అనే బదులు లేకుండా ప్రోగ్రాం ఎట్ట రాస్తాం?”

“సముద్రంలో ఉన్నవాడికి లేదని చెప్పే హక్కు ఎవరికుందో చెప్పు, పెడదాం,” అన్నాను. గొణుక్కుంటూ వెళ్ళి రాశాడు.

ఆ వారం నుంచి తెల్లవారుజామున ‘పోయొస్తారు’ నొక్కులు వరుసగా పడ్డాయి.

అక్టోబరులో వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసులో నా తెర మీద ప్రశ్న ఒకటి వచ్చింది. ‘శీనయ్య గారు కనబడ్డారా?’ రమణమ్మ నొక్కింది. శీనయ్య వస్తానన్న వేళకు ఇంకా చాలా టైముంది. కిటికీ బయట నెల్లూరు ఆకాశం నల్లగా ఉంది. బదులు ఒకటి వచ్చింది: ‘చూస్తున్నాం’. మళ్ళీ ‘చూస్తున్నాం’. మళ్ళీ అదే. ఇర్ఫాన్ తన కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

రమణమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది. ‘వచ్చాడా’ అనబోయి ఆగాను. ‘భయపడొద్దు’ అంటే అది కూడా భయపెట్టే మాటే. మాటలతో బతికేదాన్ని, నా దగ్గర ఒక్కటీ లేకపోయింది. చివరికి, “అక్కా, కనబడ్డారా?” అన్నాను.

“చూస్తా ఉండారమ్మే,” అంది. వెనక చాలామంది ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. ఆమె ఒంటరిగా లేదు.

కాసేపటికి తెర మీద ‘కనబడ్డారు’ అని పడింది. ఇంజను ఆగి కొట్టుకుపోతున్న శీనయ్య బోటు ఇంకో బోటు వాళ్ళ కంట పడింది. ఇంటి నుంచి ఫోను వచ్చాక వాళ్ళు ఒడ్డుకు రాకుండా అటు తిరిగి చూశారట. తాడు కట్టి లాక్కొచ్చారు. చీకటి పడకముందే శీనయ్య, బోటులో ఆయనతో ఉన్న ఇద్దరూ ఒడ్డున ఉన్నారు. నేను మళ్ళీ ఫోన్ చేసేసరికి రమణమ్మ నాతో మాట్లాడే స్థితిలో లేదు. ఇంజను బాగు చేయించమని నెల నుంచి చెప్తే చెవిన పెట్టలేదని మొగుణ్ణి కడిగిపారేస్తోంది. ఆ తిట్లు వింటూ నేను ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను.

అప్పటి నుంచి ఏ పని ఒప్పుకున్నా, ఆస్పత్రి అయినా రొయ్యల చెరువులైనా, ‘చెడు జరిగితే ఏం చేస్తారు’ అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు జనం మనకు నచ్చే జవాబు చెప్తారు, లేకపోతే లేచి వెళ్ళిపోతారు. భయం వేసిన పూట ఎవరి గడప తొక్కుతారు, నోటికి మొదట ఏం మాట వస్తుంది అని అడుగుతున్నాను. అలాంటి పూట మనుషులు ఒకరికొకరు అందించుకునే మాట ఒకటి మనం వెళ్ళకముందే అక్కడ ఉంటుంది. దాన్ని పట్టుకుని బటన్ మీద రాయగలిగితే, వేలు దానంతటదే కిందకు దిగుతుంది.