మాల్టాకూ గోజోకూ నడుమ

అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నేను ప్రపంచ భూగోళం చెబుతాను. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దేశం ఉంది. అందులో జనం ఉండే దీవులు మూడు: మాల్టా, గోజో, కొమినో. పెద్దదాని నుంచి చిన్నదాని దాకా గుర్తుండడానికి "మా గోడ కొంచెం" అని ఒక మాట అల్లాను. ఏళ్ల తరబడి అదే చెప్పి చెప్పి, పటంలో కూడా అవి ఆ వరుసలోనే ఉంటాయని నేనే నమ్మాను. క్లాసులోనూ అలాగే చెప్పాను.

మా దగ్గర మొదటి నెల అందరికీ ఉచితం. తర్వాత టెస్టు పెట్టి ఒక్కరికి మాత్రం ఫ్రీ సీటు ఇస్తారు. ఆ ఏడాది పేపరు నాదే. పటంలో ఆ మూడు దీవుల నడుమ ఉన్నది ఏదని అడిగి, ఆన్సర్ కీలో గోజో అని ఇచ్చాను.

ఒక్క మార్కుతో సీటు పోయిన అమ్మాయి మర్నాడు క్లాసులో లేచి నిలబడింది. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం, అంబర్‌పేట్ బస్తీలో ఉండేవాళ్లు. అమ్మానాన్నలు బిల్డింగ్ పనులకు పోయేవాళ్లు. ఫీజు కట్టి చదివే వీలు లేదు.

"సార్, నడుమ ఉన్నది కొమినో. గోజో ఆ కొసకుంది. చిక్కడపల్లి లైబ్రరీల అట్లాస్ చూసిన."

"ఎప్పుడు పోయొచ్చినవమ్మా? పాస్‌పోర్ట్ చూపెట్టు జర," అన్నాను.

"షేర్ ఆటోల పోయొచ్చింది సార్!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో అట్లాస్ తెరిచాను. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. కీ మారిస్తే సీటు ఆమెదే. కానీ లిస్టు అప్పటికే బోర్డు మీద ఉంది. నేను అట్లాస్ మూసేశాను. ఆమె మళ్లీ రాలేదు. తోటి ఫ్యాకల్టీ అడిగితే, "సీరియస్‌గా చదివే పిల్ల కాదు, మానేసింది" అన్నాను. అది అబద్ధం.

ఆ సీటు వచ్చిన అబ్బాయి ఇప్పుడు ఆఫీసరు. పోయిన నెల నన్ను నారాయణగూడలో ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లి శాలువా కప్పబోయాడు. ఆపి, జరిగిందంతా చెప్పాను.

"తెల్సు సార్," అన్నాడు, చాయ్‌లో బిస్కట్ ముంచుతూ. "నడుమ కొమినో అని నేను గూడ ఫోన్ల చూసిన. కానీ మీరు చెప్పిందే కీల వస్తదని గోజో పెట్టిన. శానమంది గట్లనే పెట్టిన్రు. ఆమెనే జర మొండి."

"మరి అప్పుడే చెప్పకపోయినవా?"

"మీతోని ఎవరు పెట్టుకుంటరు సార్?"

ఆమె నంబరు అతని దగ్గర లేదు. సెంటర్‌లో పాత ఫారాలు వెతికి ఒక నంబరు పట్టుకున్నాను. ఎవరో డ్రైవర్ ఎత్తాడు, వెనక హారన్లు మోగుతున్నాయి. ఆమె పేరు చెప్పాను.

"అట్లాంటోళ్లెవరు లేరన్నా ఈడ," అని పెట్టేశాడు.