రూతమ్మ పిన్ని ‘చాలు’ అన్న రోజు

ఇలా దగ్గరికి జరగండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, నాకేం పట్టింపు లేదు. మొన్న తొలకరి పడిందా, రాయ్‌పూర్ గుఢియారీలో మా సందు మొదట ఎవరో ఒక పాత టేకు కుర్చీని బయట పారేశారు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ఇక వాటినెవరు చూస్తారు. కూరగాయలకని వెళ్తున్నదాన్ని ఆ కుర్చీ పక్కన ఆగిపోయాను. తడిసిన పాత టేకుకి ఒక వాసన ఉంటుంది. పాత తోలు వాసనలో మిరియాల ఘాటు కాస్త కలిసినట్టుంటుంది. అది ముక్కుకి తగలగానే నా రెండు బొటనవేళ్లూ వేడెక్కాయి. నేను చెక్క గీకి ఇరవై ఏళ్లు దాటింది, వేళ్లు మాత్రం మర్చిపోలేదు. సంచీ పట్టుకుని అక్కడే నిలబడి ‘పిన్నీ’ అన్నాను, పైకే అన్నాను. కొత్తిమీర అమ్మే ఆమె నాతోనా అన్నట్టు చూసింది.

ఆ పిన్ని పేరు రూతమ్మ. నాకు చుట్టం కాదు. మావాళ్లు విజయనగరం వైపు నుంచి రైలు పట్టాల పనికి రాయ్‌పూర్ వచ్చినవాళ్లు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే పాయింట్స్‌మన్‌గా పనిచేసే మా మేనబావకిచ్చి పెళ్లి చేశారు. రూతమ్మ పిన్ని కాకినాడ దగ్గర పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి, ఆసుపత్రిలో నర్సు. మా క్వార్టర్‌కి రెండిళ్ల అవతల ఉండేది. భర్త దావీదు గారు రైలు పెట్టెలు బాగుచేసే వడ్రంగి. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. డ్యూటీ దిగి వచ్చాక ఆవిడ తెల్ల చీర మార్చుకుని, భర్త పనిముట్ల పెట్టె తీసి, బంగళాల తోటల్లో ఎండకీ వానకీ పాడైన కుర్చీలూ బల్లలూ బాగుచేసేది. నర్సమ్మ చెక్కపని చేయడమేమిటని కాలనీలో నవ్వినవాళ్లున్నారు. ఆవిడా నవ్వేది. మనుషులకి కట్లు కట్టి వచ్చి కుర్చీలకి కడుతున్నాను, కుర్చీలైతే అరవవు కదా అనేది.

పంతొమ్మిదో ఏట నాకు ఏడో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రిలో నా పక్కన ఉన్నది ఆవిడే. ఇంటికి వచ్చాక నేను మాట్లాడటం మానేశాను. అన్నం వండేదాన్ని, గుమ్మంలో కూర్చునేదాన్ని, అంతే. మా అత్త దిష్టి తీసింది. మా ఆయన సినిమాకి తీసుకెళ్తానన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం రూతమ్మ పిన్ని వచ్చి, ఏమీ అడగకుండా నా మణికట్టు పట్టుకుని తన వాకిట్లోకి తీసుకుపోయింది. అక్కడ బూడిద రంగుకి తిరిగిన తోట కుర్చీలు రెండున్నాయి. నా చేతిలో అరచేయంత ఉక్కు రేకు పెట్టింది.

“ఏడవద్దని నేను చెప్పనే పైడీ,” అంది. “ఏడుస్తూ కూడా గీకొచ్చు. కన్నీళ్లు మాత్రం చెక్క మీద పడనీకు, మచ్చ దిగుతుంది.”

నా పేరు పైడమ్మ. పైడీ అని పిలిచింది ఆవిడొక్కతే.

ఆ రేకు బజారులో కొన్నది కాదు. విరిగిన రంపం నుంచి దావీదు గారు కోసిపెట్టినది. చూస్తే ఏముంది, పిడి లేదు, మొన లేదు, చెత్తలో దొరికిన ముక్కలా ఉంటుంది. దానికి పదును పెట్టడం నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. ముందు రేకుని రెండు చెక్కల మధ్య బిగించి, ఆకురాయితో అంచుని తిన్నగా రాయాలి. తర్వాత నూనె చుక్క వేసిన సానరాయి మీద అంచునీ రెండు పక్కలనీ అద్దంలా రుద్దాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆఖరున గట్టి ఉక్కు కడ్డీని ఆ అంచు మీద కాస్త వాల్చి, నొక్కి లాగాలి. అప్పుడు అంచు కంటికి కనపడనంత సన్నగా పక్కకి వంగుతుంది. దాన్ని ఆవిడ పిల్లిగోరు అనేది. చెక్కని గీకేది ఆ పిల్లిగోరే. అది లేచిందో లేదో వేలితో చూడనిచ్చేది కాదు, తెగుతుందని. గోటి వెనక భాగాన్ని ఆనిస్తే చిన్నగా పట్టుకోవాలి, అదీ గుర్తు.

“పొడి రాలుతోందంటే రేకు నిద్రపోయిందని,” అని చెప్పింది. “ఉల్లిపొరలా లేస్తోందంటే మెలకువగా ఉందని. నిద్రపోయిన రేకుతో బలం పెట్టావంటే చెక్కకీ నొప్పి, నీకూ నొప్పి.”

బొటనవేళ్లు రెండూ వెనక ఆనించి, రేకుని కాస్త విల్లులా వంచి ముందుకి తోయాలి. నాలుగు తోపులకే అది కాలిపోయేది. ఆవిడ నా వేళ్లకి పాత చీర పీలికలు చుట్టేది, ఆసుపత్రిలో కట్టు కట్టినంత శ్రద్ధగా. మొదటిసారి ఆ బూడిద రంగు కిందనుంచి తేనె రంగు బయటపడ్డప్పుడు నేను ‘అరే’ అన్నానట. ఆ నెలలో నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అదేనని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయిందో. రోజూ వెళ్లేదాన్ని. చెక్క గీకడానికి వెళ్తున్నానని మా అత్తకి చెప్పేదాన్ని గాని, వెళ్లింది ఆవిడ పక్కన ఉండటానికే.

మాటల దగ్గరే మాకు తంటా. నేను చదివింది హిందీ బడిలో మూడో తరగతి దాకా. ఇంట్లో తెలుగే గాని అందులో సగం హిందీ. ఏ మాట ఎక్కడిదో నాకు తెలిసేది కాదు. గీకిన చెక్కకి అవిసె నూనె పట్టించాలి. ఒకసారి సీసా తెచ్చి, పిన్నీ నీ కాళ్ల దగ్గర తేల్ పెట్టాను చూసుకో అన్నాను. ఆవిడ కెవ్వుమని కుర్చీ ఎక్కేసింది. హిందీలో తేల్ అంటే నూనె, ఆవిడ చెవికి తేలు అని వినిపించింది. సీసా చూసి దిగి, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఏ ఊరి తెలుగే తల్లీ ఇది, మనుషుల్ని చంపేలా ఉంది అంది. మా పనికి తోడొచ్చే ఫూలమతి పక్క లైనులో ఉండే ఛత్తీస్‌గఢీ మనిషి, నా ఈడుది. ఆమెకి ఈ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తేలుని హిందీలో బిచ్ఛూ అంటారు. ఇక నూనె కావాల్సినప్పుడల్లా ఫూలమతి ‘ఆ బిచ్ఛూ ఇటివ్వు బహినీ’ అనేది.

ఎన్ని ఇళ్ల బల్లలు బాగుచేసినా, ఆవిడ తన వాకిట్లో గోడవారనున్న బల్ల జోలికి వెళ్లేది కాదు. పాత రైలు పెట్టె నుంచి తీసేసిన టేకుతో దావీదు గారు చేసినది. సాయంత్రం మేం దాని మీదే కూర్చుని టీ తాగేవాళ్లం, గూడ్సు బండి వెళ్తే గ్లాసుల్లో టీ వణికేది. బల్ల నిండా చీలికలు, చీరకి పట్టుకునేవి. ఊరందరి బల్లలూ మెరుస్తున్నాయి, నీది మాత్రం బూడిద పూసుకున్న బైరాగిలా ఉంది పిన్నీ అని ఎగతాళి చేసేదాన్ని. ఉండనీవే, నాకూ దానికీ సరిపోయింది అనేది. కాని ఒక వానాకాలం దాని కాలు చెదపట్టి విరిగింది. ఇంకో వాన తింటే పొయ్యిలోకే. చలికాలం వచ్చాక ఆవిడే కొత్త కాలు చెక్కి అతికించింది. వీపు ఆనుకునే పలకని నాకూ ఫూలమతికీ అప్పగించింది. పైపైన పోనివ్వండి, నేను చెప్పగానే ఆపేయాలి అని, వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఆ రోజు నా రేకు ఎంత మెలకువగా ఉందో చెప్పలేను. పొరలు చుట్టలు చుట్టుకుని లేస్తున్నాయి. బూడిద రంగు పోయేసరికి పలక నడుమ ఏవో సన్నటి గీతలు బయటపడ్డాయి, మేకు మొనతో గీసినట్టు. ఎవరో పిల్లల అల్లరి అనుకున్నాను. అవీ పోతే పలక అద్దంలా ఉంటుంది, పిన్ని మెచ్చుకుంటుంది అనుకున్నాను. నేనూ ఫూలమతీ హిందీలో కబుర్లు చెప్పుకుంటూ గీకుతున్నాం. వంటింటి కిటికీలోంచి చూసి ఆవిడ “చాలు, చాలు” అని కేకేసింది. ఆంటీ ఏమంటోంది అని ఫూలమతి అడిగింది. హిందీలో చాలూ అంటే సాగించమని, నడిపిస్తూ ఉండమని. నా చెవి అప్పుడు ఆ భాషలోనే ఉంది. ఆపొద్దంటోంది అని చెప్పాను. ఇద్దరం ఇంకాస్త బలం పెట్టాం. ఆపేశామనుకుని ఆవిడ మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

మూడు గ్లాసుల టీతో బయటికి వచ్చేసరికి పలకంతా తేనె రంగు. గ్లాసులు నేల మీద పెట్టింది. వంగి పలక మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత రేకు పదును చూసినట్టే, గోటి వెనక భాగంతో ఆ నడుమంతా మెల్లిగా తడిమింది, ఎక్కడైనా పట్టుకుంటుందేమోనని. ఎక్కడా పట్టుకోలేదు. నేను అంత నున్నగా గీకాను.

“చాలన్నాను కదే,” అంది.

“చాలూ అన్నావనే కదా పిన్నీ, ఆపలేదు.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. నా చాలూ హిందీదని తనకి అర్థమైంది. ముందు నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, భుజాలు కదిలాయి, అప్పుడు తెలిసింది మాకు అది నవ్వు కాదని. ఫూలమతి తన కొంగుతో విసరడం మొదలుపెట్టింది.

తర్వాత ఆవిడే చెప్పింది. ఈ ఊరు వచ్చిన కొత్తలో, భర్త పని దిగే వేళకి ఆవిడ గేటు పట్టుకుని నిలబడేదట. వార్డులో రోజంతా నిలబడి కాళ్లు వాచి ఉన్నా సరే, నిలబడే ఎదురుచూసేదట. అది చూసి ఆయన ఈ బల్ల చేశాడు. చేసి, వీపు పలక మీద మేకుతో రెండు మాటలు గీశాడు. ‘కూర్చో రూతూ’ అని. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఎప్పుడూ ఒక ఉత్తరం రాసి ఎరగడు. ఆయన చేతిరాత ఈ లోకంలో ఉన్నది ఆ రెండు మాటలే. వాటి మీద చెయ్యి పడుతుందనే ఇన్నేళ్లూ ఆ బల్లని ముట్టుకోలేదు. నాకు తెలిసిన రాత హిందీ రాత, పైన గీత ఉంటుంది. పైన గీత లేకుండా ముడులు తిరిగినవి నా కంటికి రాతలా కనపడలేదు.

మళ్లీ గీసిస్తాను పిన్నీ, చూపించు అన్నాను ఏడుస్తూ.

“నువ్వు గీస్తే నీ రాత అవుతుంది,” అంది. “ఆయనది ఎలా అవుతుందే?”

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

ఆ తర్వాత నేను ఆ వాకిట్లోకి వెళ్లలేదు. జ్వరమని ఒకసారి, చుట్టాలని ఒకసారి కబురు పెట్టాను. ఆవిడ గొంతు వినపడితే తలుపు చాటుకి వెళ్లేదాన్ని. బిడ్డ పోయినప్పుడు నన్ను లేపిన చెయ్యి అది, దానికి నేను చేసింది ఇదీ. ఇక ఈ ముఖం ఎలా చూపించను అనుకున్నాను. ఒక ఉదయం తనే వచ్చింది. మా అత్తని పలకరించి, తిన్నగా వంటింట్లోకి వచ్చి, నా ముగ్గు డబ్బా తీసుకుని నేల మీద కూర్చుంది. పిండితో ఒక అక్షరం పెట్టింది.

“నీకు అక్షరాలు రావన్న సంగతి మర్చిపోయాను. అది నా తప్పు,” అంది. “ఇప్పుడు ఈ రెండు మాటలూ నేర్చుకో. ఈ ఊళ్లో వాటిని చదివినదాన్ని నేనొక్కదాన్నే. నా తర్వాత ఇంకెవరికైనా తెలిసుండాలి.”

అందరి చదువూ అ, ఆలతో మొదలవుతుంది. నాది కూ తో మొదలైంది. ర్చో దగ్గర వారం రోజులు తన్నుకున్నాను, దాని కింద ఒత్తు నాకు ఎంతకీ కుదిరేది కాదు. నీ చేతిలో రేకు తిరుగుతుంది గాని బలపం తిరగదేమే అని వేళాకోళం చేసేది. ఆ రెండు మాటలు వచ్చాక మిగతా అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. నాకు ఇప్పటికీ వరస తెలియదు, ఏ అక్షరం తర్వాత ఏదంటే చెప్పలేను. కాని నేను రాసుకొచ్చి మీకు చదివి వినిపిస్తున్న ఈ నాలుగు ముక్కలూ ఆ ముగ్గుపిండి పెట్టిన భిక్షే.

కొన్నేళ్లకి ఆవిడ పని విరమించి, కాకినాడ దగ్గర చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. బల్లకి గోనెపట్టా చుట్టి రైలుకెక్కించింది నేనూ ఫూలమతే.  తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం. ఎవరి చేతా చదివించుకోలేదు, పెరట్లోకి తీసుకుపోయి నేనే కూడబలుక్కుని చదివాను. బల్లకి ఏటా నూనె పట్టిస్తున్నానని రాసింది. సాయంత్రాలు దాని మీద కూర్చుంటున్నాను పైడీ, ఇప్పుడు కూర్చోమనేవాళ్లు లేకపోయినా కూర్చుంటున్నాను అని రాసింది. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. ఇంకో రెండు ఉత్తరాలయ్యాక, నాలుగోది చెల్లెలి చేతిరాతతో వచ్చింది. అది పూర్తిగా చదవనక్కర్లేకపోయింది. ఆ బల్ల ఇప్పుడు ఎవరి వాకిట్లో ఉందో తెలియదు. ఎవరైనా దాని మీద కూర్చుంటే, వీపు వెనక ఏముండేదో వాళ్లకీ తెలియదు. నాకు తెలుసు. అది చాలా రోజులు బరువుగా ఉండేది. ఇప్పుడు ఆవిడ నా దగ్గర దాచుకున్న వస్తువులా ఉంది.

మా మనవలు నాకంటే ఎక్కువ హిందీలో ఉన్నారు. అన్నం వడ్డిస్తుంటే ఇక వద్దనడానికి హిందీలో ‘బస్’ అంటారు. నాకు వినపడనట్టు వడ్డిస్తూనే ఉంటాను. నానమ్మకి చెవుడని కోడలు అంటుంది, అననీ. కంచం నిండిపోతుంటే అప్పుడు నవ్వుకుంటూ “చాలు” అంటారు. ఆ మాట చెవిన పడగానే నా చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, గరిటెలో మెతుకు కూడా జారదు. ఒక్కసారి ఆగనందుకు ఇన్నేళ్లుగా ఆగుతోంది. ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో చాలు అన్న మాట ఎప్పుడు వినపడినా, కడుపు నిండినవాళ్ల నోటినుంచే వినపడాలి తల్లీ. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.