నాయన చెవిలో కలిసిపోయిన మాటలు

మా నాయన బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ రొదకు చెవులకు అడ్డం పెట్టుకోమని అక్కడ ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు తమిళం మాట్లాడే ఈ ఊళ్లోనే, లాస్‌పేటలో మా అన్న ఇంట్లో ఉంటాడు. నలుగురూ మాట్లాడుకుంటుంటే సంబంధం లేని జవాబులు చెబుతాడు. వదినకు నవ్వు, అన్నకు విసుగు. తనకు కావలసింది మాత్రం బాగానే వినపడుతుందని అన్న సాధించేవాడు.

కిందటేడు నేనే ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, ఒక్కొక్క బీప్ వినిపించారు. వినికిడి తగ్గింది కొంచెమే, ఈ వయసుకు మామూలేనన్నాడు డాక్టరు. మనసు పెట్టి వినడం లేదనీ, మతిమరుపు పరీక్ష చేయించమనీ కూడా అన్నాడు. అదంతా నాతోనే, నాయన ఎదుటే. ఆయన వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు నాయన నెమ్మదిగా అన్నాడు: "సద్దు ఇనపడతానే ఉండాది పాపా. మాటలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతా ఉండాయి."

ఆయన చెప్పేదేమిటో నాకు వెంటనే అర్థమైంది. కాలాపేట దగ్గర ల్యాబ్‌లో నా ఉద్యోగమే అది. మనిషి చెవి శబ్దాన్ని విడగొట్టే తీరును కంప్యూటర్లో నమూనాగా కట్టి, దానితో మాటలను విశ్లేషిస్తాం. చెవి లోపల వరసగా ఫిల్టర్లు ఉన్నట్టే లెక్క. ఒక్కొక్కటి తన వంతు ఫ్రీక్వెన్సీలనే పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి రొదలో దెబ్బతిన్న చెవిలో అవి వెడల్పైపోతాయి. అప్పుడు మాటతోపాటు పక్కనున్న చప్పుడు కూడా అందులోకి చొరబడుతుంది. గట్టిగా అరిస్తే ఇంకా అలుక్కుపోతుంది. నిశ్శబ్దంలో వినిపించే బీప్‌కు ఇదేదీ దొరకదు.

మిక్సీ తిరుగుతుండగా అన్న నాయనతో మాట్లాడిన మాటలు రికార్డు చేశాను. ల్యాబ్‌లో ఫిల్టర్లను వెడల్పు చేసి, అందులోంచి వచ్చిన శబ్దాన్ని ఇంటికి తెచ్చి అన్నకు వినిపించాను. మళ్లీ పెట్టమన్నాడు.

"ఏంది ఇది? ఎవురు మాట్లాడేది?"

"నువ్వే. నాయనతో."

అన్న హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. లేచి టీవీ కట్టేసి, నాయన ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

అదే రికార్డింగ్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాను. కాసేపు విన్నాడు, మధ్యలో ఫోను చూసుకున్నాడు. పరిశోధన వేరు, వైద్యం వేరన్నాడు. చప్పుడు మధ్య మాటలు వినిపించే పరీక్ష ఉందిగదా, ఎందుకు చేయలేదని అడిగాను. బయట కూర్చున్న జనాన్ని చూపించాడు. ఆ జనంలో ఎందరిని ఇలాగే మతిలేనివాళ్లుగా తేల్చి పంపాడో!

ఆ పరీక్ష ఇంకోచోట చేయించాను. మాటలు పట్టుకోలేక నాయన బెదిరిపోయి నావైపు చూశాడు. పరీక్ష చేస్తున్న అమ్మాయి మిషన్ ఆపి, ఆయన కళ్లలోకి చూస్తూ తమిళంలో చెప్పింది: తప్పు మీది కాదు తాతా, చెవిది. నాయన ముఖం తేటపడింది. ఆ తర్వాత చెవికి పెట్టిన మిషన్ ఇంట్లో పనికొస్తుంది, బజారులో అంతగా పనికిరాదు. ఆయన దానికే సర్దుకున్నాడు. నేను సర్దుకోలేకున్నాను. తప్పు మీది కాదన్న ఆ ఒక్క మాట ఆయన ముఖం చూసి చెప్పడానికి మొదటి డాక్టరుకు ఏం అడ్డొచ్చింది?