మొగులప్ప కొడుకు వండిన నీలి

బాల్‌రాజ్‌కు రైలెక్కుడు, దిగుడుతోనే సగం పానం పోతుండె. తాండూరు నుంచి పట్నం పోవాలె, కాలేజీల పరీక్షకు నిలబడాలె, వచ్చేటప్పుడు వికారాబాద్‌ల ఇంజన్ నీళ్లు తాగేదాక ఈగలు కొట్టుకుంట కూసోవాలె. బీయెస్సీల అన్నీ పాసైండు గాని కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటి గొంతుల ముల్లయింది. రెండుసార్లు తప్పిండు. 1961 ఎండాకాలం మల్ల పోయిండు. ఈసారి గూడ తప్పితే చదువుకు దండం పెట్టి బండల గనిల పలుగు పడ్త అని తనకు తనే ఒట్టు పెట్టుకుండు.

పరీక్షల ఏం పడ్డదనుకున్నరు? నీలి! చెట్టు ఆకుల నుంచి తీసే నీలిని సీసాల మందులతోని చేయమన్నరు. ఇంకేం, దేవుడు కరుణించిండనుకుండు. వాళ్లది నీలారోళ్ల ఇల్లాయె. తాత ముత్తాతలు నీలి కుండలు పెట్టి బట్టలకు రంగేసినోళ్లు. మిల్లు బట్టలొచ్చి తండ్రి మొగులప్ప కుండలు బోర్లించిండు గాని, పుట్టుకతోని వచ్చిన విద్య ఏడికి పోతది?

గా ధీమానే కొంప ముంచింది. సీసాలోని పసుపుపచ్చ మందు పలుకులను ఎసిటోన్‌ల కరిగించిండు, గంతవరకు బాగనే ఉంది. దాంట్ల కాస్టిక్ సోడా నీళ్లు చుక్క చుక్క పోసుకుంట కలుపుతనే ఉండాలె. ఈయన ఏం జేసిండు? ఇంట్ల పెద్దోళ్లు నీలి కుండల సున్నం నీళ్లు గుమ్మరించి, మూత పెట్టి, ఎవ్వరినీ తాకనియ్యకపోతుండిరి. చెయ్యి గదే జేసింది. ఒక్కసారే గుమ్మరించి, గాజు పళ్లెం మూసి, పక్కకు జరిగి నిలబడ్డడు. మూత తీస్తే ఏమున్నది? బండి ఇరుసు కందెన లెక్క మడ్డి! మల్ల చేద్దామంటే మందు లేదు. పరీక్ష సారు చూసి ముందటి బల్లకు పోయిండు. తిట్టినా బాగుండు.

తాండూరుల దిగేసరికి ఒళ్లంత పుండయింది. వాకిట్ల తండ్రి ఎదురొచ్చి, పరీక్షల నీలి పడ్డదని విని అడిగిండు.

“రంగొచ్చిందా కొడుకా?”

“వచ్చిందే నాయినా. మస్తుగొచ్చింది.” నిజం చెప్పే ఓపిక లేకుండె.

మొగులప్ప కొడుకు చేతులు చూసిండు. గోటి సందున గూడ నీలి మరక లేదు. “కాళ్లు గడుక్కొని బువ్వ తిను” అని రుమాలు చుట్టుకొని బయటికి పోయిండు.

ఎంతకూ రాకపాయె. బాల్‌రాజ్ వెతుక్కుంట పోతే, తండ్రి తాజ్ మొహమ్మద్ చాయ్ హోటల్ల గొంతెత్తి చెప్తుండు: “మావోడు చేసిన నీలి మూసీల ఒంపిండ్రట! చేపలన్ని నీలమైనయట! స్నానం జేసినోళ్లు నీలం ధోవతులతోని ఇండ్లకు పోయిండ్రట!”

అందరు పడిపడి నవ్విండ్రు. నవ్వరా మరి! నీలారోళ్ల ఆనవాయితీ తాండూరుల తెలవనోడెవడు? కుండల రంగు కుదరక కుండ చెడిందంటే ఊర్లకొచ్చి నోటికొచ్చిన అబద్ధం చెప్పాలె. అబద్ధం ఎంత దూరం పాకితే కుండ అంత బాగుపడ్తదని వాళ్ల నమ్మకం.

తాజ్ మొహమ్మద్ అడగనే అడిగిండు: “మొగులప్పా, నీ కుండలు బోర్లించి ఏండ్లాయె గదనే. గిప్పుడు ఎవరి కుండ చెడింది?”

 మొగులప్ప అప్పుడే గడపల నిలబడ్డ కొడుకును చూసిండు. “నాదేనే తాజ్ భాయ్” అన్నడు, తల దించుకొని.

బాల్‌రాజ్‌కు దుఃఖం ఆగలే. “కాదు చాచా, నాది చెడింది. రేపటి నుంచి గనికి పోత నాయినా.”

మొగులప్ప బల్ల మీద జర జరిగిండు.

“చెడిన కుండను నేనెన్నడన్న పారబోసిన్నా కొడుకా? రా, కూసో. నా ఒక్కని అబద్ధం సాలేటట్టు లేదు, నువ్వు గూడ ఒకటి చెప్పు.”