ఆషాఢంలోనే బుక్కయిన మా అమ్మ పేరు

ఈ రోజు పటాన్‌చెరు నెట్ సెంటర్‌లో నా గుండె ఆగినంత పనయింది. మా బిడ్డ సునీత ఇంద్రేశంలో లంగా జాకెట్లు కుట్టి, మా అమ్మ పేరుతో 'నర్సవ్వ' అని లేబుల్ వేసి అమ్ముతుంది. ఆ పేరును ఇంటర్నెట్‌లో వేరేవాళ్లు పట్టుకోకముందే బుక్ చేసుకుందామని నెల కింద ఒకటే పోరింది. ఆషాఢంలో కొత్త పని వద్దని నేనే ఆపాను. శ్రావణం వచ్చింది కదా అని ఈ రోజు స్వీట్ డబ్బా పట్టుకుని ఇద్దరం వెళ్లాం.

నెట్ సెంటర్ ఖాజా ఆ పేరు కొట్టి చూశాడు. "చాచా, నర్సవ్వ డాట్ కామ్ పోయిన నెలనే ఎవరో తీస్కున్నరు" అన్నాడు.

మా అమ్మ పేరు పరాయి దుకాణం పాలైందే అనుకున్నాను.

"ఎవరో జెర సూడు బేటా" అన్నాను.

ఖాజా ఓనర్ పేరు చదివాడు. అది నా పేరే.

బిడ్డ వైపు తిరిగాను. "ఆషాఢం మనకుంటది గని, పేర్లు గుంజుకునేటోళ్లకు ఉంటదా బాపూ? నీ పేరు మీదనే తీస్కున్న. ఇయ్యాల నీకు సూపిద్దామనే వచ్చిన" అంది.

స్వీట్లన్నీ అక్కడే పంచేశాను. మాట విననందుకు కోపం రావాలి గదా, ఎంత వెతికినా దొరకడం లేదు. మీ ఇంట్లో ఇట్లా మాట వినని బిడ్డలుంటే చెప్పండి, వాళ్లకూ ఒక డబ్బా పంపిస్తాను.