నా దుకాణం, అక్క ఫోటో

మా అక్క పోయింది. దినాలు అయ్యాక నేను దుకాణం మళ్లీ తెరిచిన రోజే కల్హేర్ నుంచి ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "దుకాణమామె పోయిందట గదా. మా బిడ్డ పెండ్లి జాకెట్లు ఇగ ఎవరు కుడ్తరు?" అని, చేతిలో సూదితో ఉన్న నన్నే అడిగింది. ఇంకొకరైతే నవ్వేవారు. నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషి మీద కూడా కుళ్లుకునేదాన్ని నారాయణఖేడ్ మొత్తంలో నేనొక్కదాన్నేనేమో.

అక్క అంటే నా తోడికోడలు. మా వైపు ఏరాలు అంటాం. బీదర్ వైపు ఆడపిల్ల, తెలుగులో మొదలుపెట్టిన మాటను కన్నడంలో ముగించేది. ఏ గొడవకైనా "ఇర్లి తియ్" అనేది, ఉండనీలే అని. మా పెళ్లి ఆల్బమ్ తిరగేసిన వాళ్లంతా ఆమె ఉన్న పేజీ దగ్గర ఆగేవారు. అది నా పెళ్లి! "పెద్దకోడలు ఫోటోల మంచిగ పడ్తది" అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేనెలా పడతానో ఎవరికీ చెప్పేది కాదు. నా కుళ్లు అక్కకు తెలుసు, తెలియనట్టు ఉండేది.

మగ్గం వర్క్ నేర్చుకుని బస్టాండ్ దగ్గర దుకాణం పెట్టాను. బోర్డు మీద నా పేరు, పక్కనే నా ఫోటో, ఇంత పెద్దది. ఒక్కసారైనా జనం ముందుగా నన్ను చూడాలని నా పట్టుదల. స్టూడియోకు వెళ్లే రోజు పొద్దున్నే అక్క నా గదిలోకి వచ్చి, ముందు జొన్నరొట్టె తినిపించింది. "ఆకలి మొఖం ఫోటోల దాగదే" అంది. పౌడర్ డబ్బా తీస్తే లాక్కుంది. "బ్యాడ బ్యాడ, సున్నమేసిన గోడ లెక్క కొడ్తది." నేను కట్టుకున్న పట్టుచీర విప్పించి, నేను కుట్టిన జాకెట్ కనబడేలా లేతరంగు చీర కట్టించింది. "చీర ఎవలన్న కొంటరు. పని నీది, అది కనవడాలె." పిన్నులు నోట్లో పెట్టుకుని కుచ్చిళ్లు సర్దుతుంటే నాకు కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా. కానీ నలిగిన ఇంటి చీరలో, చెదిరిన జుట్టుతో ఆమే నాకన్నా బాగుంది. అదెలాగో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

స్టూడియోలో ఆయన, లైట్లు సరిచూసుకోవడానికి ఎవరినైనా ఒక నిమిషం కూర్చోమన్నాడు. నేను అద్దం ముందు బొట్టు దిద్దుకుంటున్నాను. "నీ బంగారు గుండ్లపేరు లైట్లకు ఎట్ల మెరుస్తదో సూద్దాం, ఇటియ్యి" అని అక్క నా మెడలోంచి తీసి తన మెడలో వేసుకుని స్టూలు మీద కూర్చుంది. "జల్దీ రాయే, అద్దం అరిగిపోతది" అని నన్ను చూసి నవ్వింది. ఆయన క్లిక్‌మనిపించాడు. తర్వాత నేను కూర్చున్నాను, ఊపిరి బిగబట్టాను. వచ్చింది అచ్చం ఆధార్ కార్డు మొఖం.

దుకాణం తెరిచే రోజు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని తలెత్తి చూద్దును కదా, నా పేరు పక్కన అక్క నవ్వుతోంది. ఫ్లెక్సీ వేసినాయనకు ఫోన్ చేస్తే, "స్టూడియో నుంచి రెండు ఫోటోలొచ్చినయ్ మేడం, మంచిగున్నది ఏసిన" అన్నాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండదు. అక్క పరేషాన్ అయిపోయి, "ఇప్పుడే దించి మార్పిద్దాం" అంది. నేనే వద్దన్నాను. "ఇర్లి తియ్" అని ఆమె మాటే ఆమెకు అప్పజెప్పాను. మారిస్తే నా కుళ్లు ఊరందరికీ చాటినట్టే కదా!

ఇక చూడండి. మనూర్ ఆటోలో, బోరంచ పోచమ్మ గుడి దగ్గర, అంగట్లో ఆడవాళ్లు ఆమెను ఆపి జాకెట్ల సంగతులు చెప్పేవారు. నన్ను ఆమె దగ్గర కూలికి కుట్టే మనిషి అనుకునేవారు. "నేను ఉత్త బొమ్మనమ్మా, పని మా చెల్లెది" అని అక్క విసుగు లేకుండా అందరికీ చెప్పేది. ఇంటికొచ్చి, "మనూర్ ఆమెకు చేతులు లూజైనయట" అని నాకు అందించేది. గిరాకీ పెరిగింది. అది నా పని చూసి వచ్చిందా, ఆమె ముఖం చూసి వచ్చిందా అని నాలో నేనే ఉడికిపోయేదాన్ని.

జబ్బు చేసి దవాఖానలో చేరాక, ఆఖరుసారి మాట్లాడినప్పుడు అక్క తన రోగం ఊసెత్తలేదు. "ఇప్పుడన్న బోర్డు మార్చే. పోయినోల్ల బొమ్మ దుకాణం ముంగట మంచిగుండదు" అంది. నేను ఏడుస్తుంటే, "ఫోటోకు పొయ్యేనాడు తిని పో" అంది.

అక్క పోయాక, కొత్త ఫోటోకు వెళ్లే రోజు తిన్నాను. జొన్నరొట్టే. పౌడర్ ముట్టలేదు. అదే చీర కట్టుకుని, గుండ్లపేరు వేసుకుని, పిన్నులు నేనే పెట్టుకున్నాను. ఒకటి భుజానికి గుచ్చుకుంది. స్టూడియోలో ఆయన అలవాటుగా, "లైట్లు సూస్కోవాలె, ఎవరన్న కూసోండ్రి" అన్నాడు. నా వెంట ఎవరూ లేరు. నేనే కూర్చున్నాను. ఈసారి ఫోటో బాగా వచ్చిందని మా అత్త కూడా అంది. ఆ మాట అక్క వింటుండగా అనాల్సింది.

పాత ఫ్లెక్సీని పారేయబుద్ధి కాలేదు. మా వైపు పాత ఫ్లెక్సీలను గడ్డివాము మీదో, మోటారు మీదో కప్పుతారు. నేను దుమ్ము పడకుండా మగ్గం మీద కప్పుతున్నాను. మొన్న ఒక కొత్తావిడ, పైన నా ఫోటో చూసే లోపలికి వచ్చింది. వచ్చి మగ్గం దగ్గర ఆగిపోయింది.

"ఎవలమ్మా గీమె? గుండ్లపేరు ఎంత మంచిగ ఒప్పింది!"

మళ్లీ మండింది. "గుండ్లపేరు నాది" అన్నాను.

"మరి మనిషి?"

"మనిషి సుత నాదే."

ఆవిడకు ఏం అర్థమైందో తెలియదు. నేను వంగి, అక్క చెంప మీద పడిన ముడతను అరచేత్తో సాపు చేశాను.